గుండె మీద వణికే చెయ్యి

మొన్న చిత్తూరు నుంచి మునస్వామి వచ్చాడు. వాడికి పుట్టుకతోనే చెవులు వినపడవు, మాటలు రావు. ఒక బట్టల కొట్టు అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని రవికలూ చొక్కాలూ కుట్టి సంసారం ఈదుతున్నాడు. ఎప్పుడొచ్చినా ముందు నా చీర అంచు పట్టుకుని చూసి, నేత ఎలా ఉందో ముఖం పెట్టి చెప్పేవాడు. ఈసారి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని వేళ్ళు వణికించి చూపించాడు. తర్వాత రెండు అరచేతులూ చెంప కింద చేర్చి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపాడు.

నేను ఉన్నచోటే కూర్చుండిపోయాను.

గుండె మీద వణికే చెయ్యి, ఆ పోయిన మనిషి పేరు. తిరుపతిలో ఆమె ఇంటికి వచ్చే చెవిటి పిల్లలు తమలో తాము పెట్టుకున్న పేరది. మాటలు వచ్చినవాళ్ళం పెద్దమ్మ అనేవాళ్ళం. వీధిలో కొందరు పిరికి పెద్దమ్మ అనేవాళ్ళు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు.

అంత భయస్థురాలిని నా జన్మలో చూడలేదు. బల్లి పడితే భయం. ఉరిమితే భయం. ఎద్దు ఎదురైతే పక్క వీధిలోంచి తిరిగి వచ్చేది. పెరట్లో బావికి చెక్కమూత వేసి, దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టేది. బిందెడు నీళ్ళు కావాలంటే ముందు ఆ పొత్రాన్ని దింపాలి, తోడుకున్నాక మళ్ళీ ఎత్తాలి. పిల్లలకు అన్నం పెట్టి, ఒక్కొక్కరు ముద్ద మింగేదాకా వాళ్ళ గొంతు వైపు చూస్తూ నిలబడేది. గంగమ్మ జాతరలో వేషాలవాళ్ళు కొరడాలతో వీధిలోకి వస్తే తలుపులు బిగించి పిల్లలందరినీ తన చుట్టూ కూర్చోబెట్టుకునేది. ఆ పిల్లల్లో ఒకడైన మునస్వామి మాత్రం గోడెక్కి వేషాలు చూసి, వెనక్కి తిరిగి, ఆమె ముఖం చూసి పడీపడీ నవ్వేవాడు.

మామూలుగా మనుషులు భయాన్ని దాచుకుంటారు. ఆమె ఆకలవుతోంది అన్నంత మామూలుగా "నాకు భయంగా ఉండాది" అనేది. ఎవరితోనైనా అనేది. చెప్పడానికి సిగ్గుపడేది కాదు.

నేను తిరుపతికి కాపురానికి వచ్చింది యుద్ధం రోజుల్లో. మా ఆయన రైల్వేలో గుమాస్తా. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లే సర్దుకుని రైళ్ళెక్కి మా వైపు వస్తుండేవారు. ఏ ఇంట చూసినా అదే మాట. పెద్దమ్మ ఇల్లు మా ఇంటికి గోడ పక్కనే. మధ్యాహ్నమైతే ఆ గోడ అవతలి నుంచి ఏవో అరుపులు వినిపించేవి. మనిషి గొంతే, కానీ అందులో మాట లేదు. కొత్తలో నాకు వణుకు పుట్టేది. మా అత్తను అడిగితే, "చెవిటి పిల్లోళ్ళు. కుంటోళ్ళు, గుడ్డోళ్ళు గూడా ఉండారు. నువ్వు ఆ పక్క పోవద్దు" అంది.

పోవలసి వచ్చింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం విమానం చప్పుడు వినిపించింది. మా వీధిలో అంతకుముందు ఎప్పుడూ వినని చప్పుడు. అందరూ తలుపులు వేసుకున్నారు. పెద్దమ్మ మా గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"అమ్మణ్ణీ, బిరీన రా. పిల్లోళ్ళకు వినపడలేదు. నాకు రెండు చేతులూ సాలవు" అంది.

ఎందుకు వెళ్ళానో నాకిప్పటికీ తెలియదు. పెరట్లో పిల్లలు ఆడుకుంటున్నారు. చెవిటి పిల్లలు ఆమె ముఖం చూడగానే ఆట మానేసి లోపలికి పరుగెత్తారు. వాళ్ళకు ఆకాశం వైపు చూడాల్సిన పని లేకపోయింది. కళ్ళు కనపడని అంజిని ఆమె చంకనేసుకుంది. మిగిలింది చెంగమ్మ. పదేళ్ళ పిల్ల. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో రెండు కాళ్ళూ చచ్చుబడి పుల్లల్లా అయిపోయాయి. చేతులు నేలకు ఆనించి జరుగుతుంది. దాన్ని నేనే ఎత్తుకున్నాను. అందరం ఒక పట్టెమంచం కింద ఒకరి మీద ఒకరం దూరాం. చప్పుడు ఇంటి మీదుగా వెళ్ళి కొండ వైపు పోయింది.

"అక్కా, నీ గుండె కొట్టుకుంటా ఉండాది. నాకు ఇనిపిస్తా ఉండాది" అంది చెంగమ్మ నా కింద నుంచి.

ఆ మర్నాటి నుంచి నేను రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. మా అత్త పడుకున్నాక వెళ్ళి, కాఫీ వేళకు వచ్చేసేదాన్ని. పళ్ళెంలో ఇసుక పోసి అక్షరాలు దిద్దించేదాన్ని. అంజికి లెక్కలు నోటితో చెప్పేదాన్ని. చెవిటి పిల్లల సైగలు నేనే వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. పెద్దమ్మకు పెద్ద చదువు లేదు. వండేది, కడిగేది, కాళ్ళకు నూనె మర్దనా చేసేది, భయపడేది.

ఈ పని ఎందుకు పెట్టుకున్నావని ఒకసారి అడిగాను. వీధిలో ఆమెను గురించి రెండు మూడు కథలున్నాయి. అందులో ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను.

"ఏముండాది అమ్మణ్ణీ. ఒక బిడ్డ అరుగు మీద కూసోనుంటే అన్నం పెట్టినా. మల్లా వచ్చినాడు. పొమ్మనడానికి భయమేసింది" అంది.

లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు నేను నెల తప్పాను. ఆ సంగతి తెలిసిన రోజే మా అత్త నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "కడుపుతో ఉండేదానివి. ఆ పిల్లోళ్ళ ముఖాలు సూస్తే కడుపులో బిడ్డ అట్లనే అయిపోతాదంటారు. ఇంక ఆ గడప తొక్కొద్దు" అంది. ఆమె చెడ్డది కాదు. తన ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి.

నేను పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. అదంతా ఒట్టి మాట అని ఆమె నోటి నుంచి వినాలని నా ఆశ.

"నిజమో కాదో నాకు తెలీదు అమ్మణ్ణీ. నాకూ భయంగానే ఉండాది. నువ్వు రావద్దులే" అంది.

పక్కనే ఇసుకలో రాసుకుంటున్న చెంగమ్మ తలెత్తింది. "నీ బిడ్డకు కాళ్ళు ఉంటాయా అక్కా?" అని అడిగింది.

నేను పొట్ట మీద కొంగు సర్దుకున్నాను.

"ఉంటాయిలే. ఉంటే నాకు నీళ్ళు తెచ్చిస్తాది" అంటూ మళ్ళీ ఇసుక మీదికి వంగింది.

ఆ రోజు ఇంటికి వచ్చి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్ళకూడదనుకున్నాను. మధ్యాహ్నమయ్యేసరికి గోడ అవతల పిల్లల గొంతులు వినపడ్డాయి. లేచి వెళ్ళాను. ధైర్యం వచ్చి కాదు. భయం నాతోనే గడప దాటింది. అక్షరాలు దిద్దించేటప్పుడు కూడా ఒక చెయ్యి పొట్ట మీదే ఉండేది.

అప్పుడే ఎదురింటి అరుగు దగ్గర ఒక మనిషి నిలబడి కనిపించాడు. పొడుగ్గా, బీడీ కాలుస్తూ, తల వంచుకుని. మర్నాడూ అక్కడే నిలబడ్డాడు. పెద్దమ్మ తలుపు సందులోంచి చూసి, "వాడు మన ఇంటినే సూస్తా ఉండాడు" అని నా చెయ్యి పట్టుకుంది.

ఆ మరుసటి రోజు అతనే లోపలికి వచ్చాడు. చెంగమ్మ మేనమామ. కార్వేటినగరం పక్క పల్లె నుంచి వచ్చానన్నాడు.

"మా అక్క బిడ్డను పిలుచుకోని రమ్మనింది. బండి తెచ్చినా" అన్నాడు.

పెద్దమ్మ అతనికి మంచినీళ్ళిచ్చింది. సగం నీళ్ళు నేలపాలయ్యాయి. అతను చెంగమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. దాని ముఖం చూడలేదు. బాగున్నావా, అన్నం తిన్నావా అని అడగలేదు. పావడ కొంచెం పైకి తీసి దాని కాళ్ళు చూశాడు. సంతలో దూడను చూసినట్టు చూశాడు.

"వాళ్ళమ్మ వచ్చి అడిగితే పంపిస్తా" అంది పెద్దమ్మ.

"నేను మేనమామను. నువ్వెవరు?" అన్నాడు.

అతను చెంగమ్మను ఎత్తుకుని బండిలో కూర్చోబెట్టాడు. అది ఏడవలేదు. మమ్మల్ని చూస్తూ వెళ్ళిపోయింది. పెద్దమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. పెద్దమ్మ పిల్లలకు వండేది, తాను తినేది కాదు. వీధిలో బండి చప్పుడైతే లేచి చూసేది. కార్వేటినగరం వెళ్ళే బస్సుల వాళ్ళను అడిగితే ఎవరికీ ఏమీ తెలియలేదు. చివరికి కొండ దారిలో మజ్జిగ అమ్ముకునే ముసలామె ఒకతె వచ్చి చెప్పింది.

"మీ ఇంట్లో ఉండిన కాళ్ళు లేని పాపను సూసినా. అలిపిరి మెట్ల మీద గుడ్డ పరిచి కూసోబెట్టినారు. వచ్చే పోయేవాళ్ళు దుడ్లు ఏస్తా ఉండారు."

పెద్దమ్మ ముఖం కడుక్కుని వచ్చి, "ఒక్కదాన్నే పోలేను అమ్మణ్ణీ. భయంగా ఉండాది. నువ్వు వస్తావా?" అంది. నాకప్పటికి అయిదో నెల.

అన్నేళ్ళు తిరుపతిలో ఉండీ ఆమె కొండెక్కలేదు. అడవి, చిరుతలు, కోతులు, జారే మెట్లు, అన్నీ భయమే. అలిపిరి దాకా జట్కాలో వెళ్ళాం. పాదాల మండపం దాటి మెట్లెక్కుతుంటే ప్రతి మలుపు దగ్గరా ఆగి గాలి పీల్చుకునేది. దారికి అటూ ఇటూ కుష్ఠురోగులు, గుడ్డివాళ్ళు, ముసలివాళ్ళు చేతులు చాపుకుని కూర్చున్నారు. ప్రతి ముఖంలోకీ తొంగి చూస్తూ ఎక్కాం.

ఒక చిన్న మండపం పక్కన చెంగమ్మ కనిపించింది. పావడ మోకాళ్ళ పైకి మడిచి ఉంది, కాళ్ళు అందరికీ కనపడేలా. చెంప మీద కమిలిన మచ్చ. మమ్మల్ని చూసి దాని ముఖం వెలగలేదు.

"పెద్దమ్మా, పొండి. మామ కొడతాడు" అంది గొంతు తగ్గించి.

పెద్దమ్మ ముందు వంగి దాని పావడ కిందికి లాగి కాళ్ళు కప్పింది. తర్వాత ఆ గుడ్డ మీదే పక్కన కూర్చుంది. మండపం వెనక నుంచి మేనమామ వచ్చాడు. అతనితో ఇంకో ఇద్దరున్నారు.

"లెయ్. ఇది మా ఇంటి బిడ్డ" అన్నాడు.

"తెలుసప్పా. నిన్ను సూస్తే నాకు భయంగా ఉండాది. కాళ్ళల్లో సత్తువ లేదు. లేవలేను" అంది.

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నమాటే చెప్పింది. అతను నా వైపు తిరిగాడు. నా పొట్ట వైపు చూశాడు.

"కడుపుతో ఉండేదానివి నీకెందుకమ్మా ఇయన్నీ. మా చెంగి కాళ్ళు బాగా సూసినావు కదా" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట నా పొట్టలోకి దిగినట్టయింది. రెండు చేతులతో పొట్ట కప్పుకుని మండపం స్తంభానికి ఒరిగిపోయాను. ఆ క్షణంలో నాకు చెంగమ్మ అక్కర్లేదు, పెద్దమ్మ అక్కర్లేదు, ఇంటికి పోతే చాలు.

పెద్దమ్మ మెట్లు దిగుతున్న జనాన్ని పిలవడం మొదలుపెట్టింది. "అప్పా, ఒక్క మాట ఇనండి. ఈ బిడ్డకు చదువొచ్చు. నా దగ్గర ఉండేది. ఇంటికి పిలుచుకోని పోవాల. మమ్మల్ని పోనీరని నాకు భయంగా ఉండాది. మాతో కిందిదాకా రండి." చాలామంది విననట్టు వెళ్ళిపోయారు. ఒకాయన ఒక దుడ్డు వేసి వెళ్ళాడు. ఆమె ఆగలేదు. వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే మాట.

గుండ్లు కొట్టించుకుని దిగుతున్న నగరి నేతగాళ్ళు కొందరు ఆగారు. వాళ్ళలో పెద్దాయన ఆమె ముందు నిలబడ్డాడు.

"ఎవరికి భయపడతా ఉండావు తల్లీ?" అని అడిగాడు.

ఆమె వేలెత్తి మేనమామను చూపించింది. పెద్దాయన అతన్ని కిందికీ మీదికీ చూశాడు.

"నువ్వేమవుతావప్పా ఈ బిడ్డకు?"

"మేనమామను."

"మంచిది. అయితే నువ్వు గూడా రా. అందరమూ కిందికి పోదాం. వాళ్ళమ్మను పిలిపించి మాట్లాడుకుందాం."

మేనమామ కదలలేదు. పెద్దాయన సైగ చేస్తే ఒక పడుచువాడు చెంగమ్మను వీపున ఎక్కించుకున్నాడు. మేము వాళ్ళ మధ్యలో నడిచాం. వెనక నుంచి ఆ ముగ్గురూ వస్తున్న అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను వెనక్కి తిరగలేదు. పెద్దమ్మ నా భుజం పట్టుకుని, తడబడుతూ, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగింది. అలిపిరి చేరేసరికి ఆ చప్పుడు లేదు. నేతగాళ్ళు మమ్మల్ని జట్కా ఎక్కించేదాకా ఉండి వెళ్ళారు.

ఆ సంగతి మా అత్తకు ఆ సాయంత్రమే తెలిసింది. నన్ను తిట్టలేదు. నాతో మాట్లాడడం మానేసింది. నా చేతికి తాయెత్తు కట్టి, వేళకు అన్నం పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయేది.

పెద్దమ్మ పగలు కూడా తలుపు గడియ వేసే ఉంచేది. చెంగమ్మ మేనమామ మళ్ళీ వస్తాడని మేమిద్దరం ఎదురుచూశాం. వాడు రాలేదు. వచ్చింది చెంగమ్మ తల్లి. మామిడి తోటల్లో కూలికి పోయే మనిషి. అరుగు మీద కూర్చుని కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, దాని చెంప మీద మచ్చ తడిమింది.

"మా తమ్ముడు కొడతాడనుకోలేదు. గుడి కాడ కూసుంటే రెండు పూట్లా తిండి దొరుకుతాదని సెప్పినాడు. సరే అనినా" అంది. తర్వాత తలెత్తింది. "ఈడ మీరు పెడతా ఉండారు. కాదన్లేదు. రేపు మీరు లేకుంటే దీని గతేంది?"

పెద్దమ్మ ఏదో ధైర్యం చెబుతుందని చూశాను. దేవుడున్నాడనో, నేను చూసుకుంటాననో అనాలి కదా.

"అదే నాకూ భయం" అంది పెద్దమ్మ.

ఆ తల్లి ఆమె వైపు వింతగా చూసింది. "మీకూ భయమేనా?"

"పొద్దున లేస్తే అదే."

ఆ తల్లి ముఖం మీద బిగువు సడలింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఈ భయం నాకొక్కదానికే అనుకుంటా ఉన్నా" అంది. కాసేపటికి చెంగమ్మను ఒళ్ళోంచి దింపి పెద్దమ్మ పక్కకు జరిపింది. "ఈడనే ఉండనీండి. తమ్ముడితో నేను మాట్లాడుకుంటా. మామిడికాయల పని అయినాక వచ్చి సూసి పోతా" అని లేచింది. అన్నట్టే ప్రతి ఏడూ వచ్చేది. చెంగమ్మ ఆ ఇంట్లోనే పెరిగింది. పెద్దయ్యాక చిన్నపిల్లలకు తానే చదువు చెప్పింది. పెద్దమ్మ పోయేటప్పుడు పక్కన చెంగమ్మే ఉందని మునస్వామి మొన్న సైగలతో చెప్పాడు.

నా కాన్పు వానాకాలంలో వచ్చింది. నొప్పుల కన్నా ఆ మనిషి మెట్ల మీద అన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బిడ్డ పుట్టగానే ఆడో మగో ఎవరూ చెప్పలేదు. మా అత్త దీపం దగ్గరికి తీసుకుపోయి ముందు కాళ్ళు చూసింది. ఒక్కో కాలూ మడిచి చాపింది. తర్వాత, "ఆడబిడ్డ" అంది. ఆ మాటతో నాలుగైదు నెలల తర్వాత నాతో మళ్ళీ మాట్లాడినట్టయింది. అయినా ఆమెకు భయం పోలేదు. పాప నిద్రపోతున్నప్పుడు వెనక నిలబడి చిన్నగా కంచం మోగించేది. పాప ఉలిక్కిపడితే కళ్ళు తుడుచుకునేది. మర్నాడు మళ్ళీ మోగించేది.

పెద్దమ్మ బిడ్డను చూడడానికి రాలేదు. వస్తే వీధిలో ఏమంటారోనని భయం. చెంగమ్మ మాత్రం గోడ అవతలి నుంచి, "అక్కా, పాప ఏడుస్తా ఉండాది, పాలియ్యి" అని అరిచేది.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం పాపను ఎత్తుకుని నేనే వెళ్ళాను. మా అత్త చూస్తుండగానే వెళ్ళాను. పిల్లలందరూ చుట్టూ చేరారు. మునస్వామి పాప వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూశాడు. అంజి పాప తల వాసన చూశాడు. చెంగమ్మ గోడకు వీపు ఆనించి కూర్చుని రెండు చేతులూ చాపింది.

"నాకియ్యి అక్కా."

ఇచ్చాను. ఇచ్చి, చేతులు వెనక్కి తీసుకోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. పెద్దమ్మ వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పాప తల కింద తన అరచేతులు పట్టింది. పాపను తాకలేదు. చేతులు తియ్యనూ లేదు.

వెనక నీడ పడితే తిరిగి చూశాను. గడప అవతల మా అత్త నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు లేదు.

"ఆ పిల్లకు బిడ్డను ఎత్తుకోవడం వచ్చునా?" అని అడిగింది.

"రాదు" అంది పెద్దమ్మ, పాప మీంచి చూపు తిప్పకుండా. "నాకు భయంగానే ఉండాది వదినా. మీరు వచ్చి ఆ పక్క పట్టుకోండి."

మా అత్త గడప దాకా వచ్చి ఆగింది. చెవిటి పిల్లలు ఆమెనే చూస్తున్నారు. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని లోపలికి వచ్చింది. చెంగమ్మ పక్కన, ఆ చచ్చుబడిన కాళ్ళకు ఆనుకుని కూర్చుని, దాని మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టింది.

"ఇట్ల పట్టుకోవాల. తల కొంచెం పైకి" అంది.